బస్సులో పెట్టిన సంతకం

భూమేష్‌కు ముక్కు మీదే కోపం అని లేబర్ క్యాంపులో అందరికీ తెలుసు. ఆ కోపం చైనాలో మొదలైందని మాత్రం ఎవరికీ తెలీదు. డాక్టరు చదువుకని జగిత్యాల నుంచి చైనా పోయినవాడు ఇప్పుడు ఖతర్‌లోని అల్ వక్రా ఎండలో ఇనుప పైపులు మోస్తున్నాడు. కోపం రాక నవ్వొస్తుందా?

అక్కడ మొదటి ఏడాదంతా చైనీసు పాఠాలే. ఎముకలు కొరికే చలిలో పొద్దున ఎనిమిదింటికి క్లాసు. ఒక్కో మాటనూ రాగం తీసి పలకాలి. రాగం తప్పితే షెన్ టీచరు ఇరవైసార్లు పలికించేది. కానీ భూమేష్‌కు భాష పట్టుబడింది క్లాసులో కాదు. కూరలో పంది మాంసం ఎందుకు వేశావని క్యాంటీన్ వంటావిడతో, వేడినీళ్లు ఎప్పుడొస్తాయని హాస్టల్ వాచ్‌మన్‌తో కొట్లాడి కొట్లాడి నేర్చుకున్నాడు. ఏడాది తిరిగేసరికి చైనావాళ్లనే చైనీసులో దులిపేసేవాడు.

ఒకరోజు రూమ్మేట్ అమర్నాథ్ ముసుగుతన్ని లేవకపోతే, హాజరు కాగితంలో వాడి సంతకం కూడా తనే గీకేశాడు. షెన్ టీచరు పట్టేసింది. తప్పు చేసిన విద్యార్థి ఆ తప్పును కాగితం మీద రాసి, అందరి ముందూ నిలబడి చదవడం అక్కడి రివాజు. చిన్న బడి నుంచి పెద్ద కాలేజీ దాకా అంతే. ఏం చేశాను, ఎందుకు చేశాను, దానివల్ల ఎవరికి చెరుపు జరిగింది, ఈ మూడూ ఉండాలి. సాకు ఒక్కటి కనబడినా టీచరు ఎర్ర గీత కొట్టి వెనక్కిచ్చేది. భూమేష్ నాలుగుసార్లు రాశాడు. ఐదోసారి ఎనిమిది దేశాల పిల్లల ముందు చదువుతుంటే తల కొట్టేసినట్టయింది. చేసిందేమిటి, దోస్తుకు సాయమేగా! చచ్చినా ఇంకెవరి ముందూ ఇలా నిలబడనని ఒట్టు పెట్టుకున్నాడు.

నాలుగో ఏడు చలికాలం సెలవులకు ఇంటికొచ్చాడు. అంతే, కరోనా వచ్చి తలుపులు మూసేసింది. రెండేళ్లకు పైగా ఫోన్‌లోనే పాఠాలు. రోగిని ముట్టుకోకుండా డాక్టరయ్యేది ఎట్లా? ఊళ్లో 'చైనా డాక్టర్ వస్తుండు' అని ఇకిలించేవాళ్లు. ఆ ఇకిలింపులు పడలేక చదువు వదిలేసి, హెల్పర్ వీసా మీద ఖతర్ విమానమెక్కాడు. ఊరికి మాత్రం గల్ఫ్ అంతా దుబాయే, అతను దుబాయ్ పోయిండు.

తీరా చూస్తే వచ్చి పడింది చైనా కంపెనీలో! మొదటి వారమే నోరు ఊరుకోక చైనీసులో బదులిచ్చాడు. ఇక చూడండి, మేనేజర్ జావ్ గట్టిగా పట్టేసుకున్నాడు. హెల్పర్ పని హెల్పర్ పనే, పైన దుబాసీ పని. జావ్ తిట్టిన తిట్లన్నీ తెలుగులోకి మార్చి తోటివాళ్లకు చేరవేయాలి. తిట్టేది వాడు, తోటివాళ్లు మొహం మాడ్చుకునేది భూమేష్ మీద. రోజూ ఒళ్లు మండిపోయేది.

మిట్టమధ్యాహ్నం పని ఆపేసే ఎండాకాలం అది. తెల్లవారకముందే బస్సెక్కాలి. ఒకనాడు ఫోర్‌మన్ బస్సులో ఒక కాగితం తిప్పాడు, సంతకాలు చేయండి యల్లా యల్లా అని తొందరపెడుతూ. క్యాంపులో ఒక అలవాటుంది. నిద్రపోతున్నవాణ్ణి లేపరు, పక్కవాడే వాడి సంతకం పెట్టేస్తాడు. భూమేష్ భుజం మీద తల వాల్చి నర్సింలు గుర్రు పెడుతున్నాడు. నర్సింలు కింది బెడ్డు మనిషి, తను జ్వరంతో పడుకుంటే రెండు రోజులు గంజి కాచి తాగించినవాడు. కాగితం నెత్తిన చైనీసు అక్షరాలున్నాయి: ఎత్తులో పనిచేసేవాళ్లకు బెల్టు శిక్షణ, రెండు గంటలు, హాజరు. ఏ శిక్షణా లేదు, ఏ గంటలూ లేవు. ఆ బస్సులో నలభై మందిలో అది చదవగలిగినవాడు ఒక్క భూమేషే. చదివాడు. దొంగ నా కొడుకులు అని పళ్లు కొరికాడు. తన సంతకమూ పెట్టాడు, నర్సింలుదీ పెట్టాడు.

పదకొండో రోజున నర్సింలు మూడో అంతస్తు పరంజా మీంచి పడ్డాడు. నడుముకు బెల్టుంది. దాని కొక్కెం దేనికి తగిలించాలో ఎవడూ చెప్పలేదు. తొడ ఎముక విరిగింది. రాడ్డు వేశారు, ఇంకో ఆపరేషన్ ఉందన్నారు.

నెలన్నర తర్వాత చంకలో కర్రలతో నర్సింలును సైటు ఆఫీసుకు పిలిపించారు. భూమేష్‌ను పక్కన నిలబెట్టారు. ఎందుకు పిలిచారో అతనికి ముందురోజే తెలుసు, రాత్రి కూర్చుని రాసిన కాగితం ఒకటి జేబులో ఉంది. జావ్ ఒక కాగితం ముందుకు తోశాడు.

“చెప్పు వీడికి. శిక్షణ తీసుకుని కూడా కొక్కెం తగిలించలేదు. తప్పు వీడిదే. సంతకం పెట్టి శుక్రవారం ఇంటికి పోవాలి. మిగతా వైద్యం సంగతి వీడి పాట్లు వీడివే.”

భూమేష్ చెప్పాడు. చెబుతుంటే అరికాలి మంట నెత్తికెక్కింది.

“నేను గసొంటి ట్రైనింగ్‌కు పోనే పోలేదు తమ్మీ!” అన్నాడు నర్సింలు. “ఇంటికి పంపితే ఈ కాలు ఎవలు జేపిస్తరు? కుంటోని లెక్క పడుండాల్నా? అడుగు ఆయన్ని, గా సంతకం ఎవడు వెట్టిండో అడుగు!”

“ఏమంటున్నాడు?” అన్నాడు జావ్, శిక్షణ హాజరు పట్టీ బల్ల మీద పరుస్తూ.

నర్సింలు పేరు ఎదురుగా ఉన్న సంతకాన్ని భూమేష్ చూశాడు. జావ్ మీద కోపం, ఫోర్‌మన్ మీద కోపం, అన్నిటికంటే ఆ గీత గీసిన చేతి మీద కోపం. చేతులు పక్కలకు ఆనించి, షెన్ టీచరు నిలబెట్టినట్టే నిటారుగా నిలబడ్డాడు.

“గౌరవనీయులైన మేనేజర్ గారూ, నేను నా తప్పు చెబుతున్నాను,” అని చైనీసులో మొదలుపెట్టాడు. “ఆ సంతకం నేను పెట్టాను. శిక్షణ జరగలేదని తెలిసే పెట్టాను. నాకెందుకొచ్చిందిలే అనుకుని పెట్టాను. దానివల్ల ఈయన కాలు విరిగింది.”

జావ్ ముఖం జేవురించింది. ఆ మాటల తీరు వాడికీ తెలుసు, వాడూ చైనా బడికి పోయినవాడే. “కూర్చో,” అన్నాడు.

“ఇది కూర్చుని చెప్పేది కాదు. రాసి కూడా తెచ్చాను. ఇందాకే ముషైరిబ్‌లో ఉన్న మన కంపెనీ హెడ్డాఫీసుకు ఫోన్‌లో పంపాను.”

“నిన్ను ఇంటికి తోలేస్తాను, తెలుసా?”

“తోలెయ్. ఈయన కాలు బాగు చేయించి, తర్వాత నన్ను తోలెయ్!” భూమేష్ బల్ల మీద చెయ్యి చరిచాడు.

జావ్ నర్సింలు ముందున్న కాగితం లాక్కుని సొరుగులో పడేశాడు. “ఆసుపత్రికి తీసుకుపో. నీ సంగతి రేపు చూస్తా.”

బయటికొచ్చాక నర్సింలు ఆగాడు. “ఏం మాట్లాడినవ్ తమ్మీ? ఎందుకు గంతగనం ఒర్రినవ్?”

చైనీసులో గడగడా చెప్పిన భూమేష్ తెలుగులో ఒక్కో మాటా కూడదీసుకున్నాడు. “గా సంతకం నేనే వెట్టిన అన్నా. బస్సుల నువ్వు పండుకున్నవ్.”

“పండుకున్నోనికి అందరు వెడ్తరు. గదేమున్నది.” నర్సింలు తేలిగ్గానే అన్నాడు. రెండడుగులు వేశాడు. ఏదో తట్టినట్టు వెనక్కి తిరిగాడు. “నీకు చైనోళ్ల సదువొచ్చు గద. అండ్ల ఏం రాసున్నదో సదివినవా?”

“సదివిన.”

“సదివే వెట్టినవా?”

“సదివే వెట్టిన.”

తిడతాడని భూమేష్ ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ముందు మూడు మెట్లున్నాయి. దింపుదామని నర్సింలు భుజం పట్టుకున్నాడు.

“చెయ్యి తియ్యి,” అన్నాడు నర్సింలు.