నల్లదారం కట్టిన తీగలు

కారులో ఉన్నవాళ్ళు: ముందు సీట్లో డాక్టర్ కామేశ్వరిగారు, నేను. వెనక సీట్లో కాన్పు కష్టమైన మంగ, ఆమె తలను ఒళ్ళో పెట్టుకున్న అత్తగారు సుబ్బమ్మగారు. ఉన్న వస్తువులు: డాక్టరుగారి తోలుసంచి, రెండు దుప్పట్లు, మరచెంబు, నా టెస్టరు. నిన్న మా సబ్‌స్టేషన్‌లో పాత ప్యానెల్ తీగ ఒకటి మాడింది. తీగ మీది రబ్బరూ, దానికి చుట్టిన నూలుగుడ్డా కలిసి కాలిన ఆ వాసన ముక్కుకు తగలగానే ఈ జాబితా మొత్తం మళ్ళీ కళ్ళ ముందుకు వచ్చింది.

అప్పుడు నేను పాలిటెక్నిక్ నుంచి కొత్తగా బయటికి వచ్చి, తణుకు దగ్గర మా ఊళ్ళో ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. కామేశ్వరిగారి ఆసుపత్రి మా పక్కిల్లే. ఆవిడ నల్లకారు తండ్రి కాలంనాటి ఇంగ్లీషు బండి. ఎడమవైపు మలుపు దీపం వేస్తే వైపరు ఆగేది. వాన పడితే లోపలి లైటు దానంతటది వెలిగేది. అందుకే ఆవిడ కారును ఎప్పుడూ కాలవగట్టు వాలులోనే, ముందుభాగం పల్లానికి ఉండేలా నిలిపేవారు. బ్యాటరీ మొరాయిస్తే బ్రేకు వదిలితే చాలు, దొర్లుతూ స్టార్టయ్యేది.

ఒక ఆదివారం ఆ వైరింగు బాగుచేస్తానని నేనే అడిగి వెళ్ళాను. పాత మెకానిక్ ఎవరో అన్నిటికీ కరెంటు డాష్‌బోర్డు కిందినుంచే లాగాడు, అదీ ఒకే రంగు తీగతో. ఏది ఎక్కడికి పోతుందో కనిపెట్టి, ప్రతి తీగకూ పేరు రాసిన చీటీ కట్టాలని నా పట్టుదల.

"ఎన్ని చీటీలు కడతావయ్యా?" అన్నారు డాక్టరుగారు.

"అన్నిటికీ అండి. పద్ధతి అంటే అదే కదండీ."

"కంగారులో చీటీలు చదువుతూ కూర్చుంటావా? ఆగిపోతే కొంప మునిగేవి ఏవో చెప్పు."

"ఇంజనుకి పోయేది. వానాకాలం గనక వైపరు."

ఆవిడ లోపలికి వెళ్ళి, కుట్లు వేసే నల్లదారం ముక్కలు తెచ్చి నా చేతిలో పెట్టారు. "వాటికే కట్టు. చాలు." చదువుకున్నవాడి పని ఇంత మొరటుగా ఉంటుందా అని మనసులో నొచ్చుకుంటూనే కట్టాను.

ఆ వానాకాలంలోనే ఒకరోజు మంగను తణుకు తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఆమెకు ముందురోజు నుంచీ నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ తణుకులోనే చెయ్యాలి. భర్త కొట్టుకు సరుకు తేవడానికి రాజమండ్రి వెళ్ళాడు, అందుకని తోడుగా నేను ఎక్కాను. మధ్యాహ్నమే అయినా వాన ముసురుకుని చీకటి పడినట్టుంది. బయలుదేరే ముందు సుబ్బమ్మగారు కారు ముందు దిష్టికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. ఆ హడావిడిలో ఎవరమూ అటు చూడలేదు.

రైలు గేటు దగ్గర ఆగాం. గేటు వేసి ఉంది. ఉన్నట్టుండి హారను మోగడం మొదలై, ఇక ఆగలేదు.

"ఎందుకండీ ఆ గోల? మోగిస్తే రైలు తొందరగా వస్తదా?" అని గేటుమన్ అరిచాడు.

డాక్టరుగారు రెండు చేతులూ పైకెత్తి చూపించారు. వైపరు నెమ్మదించింది. డాష్‌బోర్డు కింద నుంచి మాడువాసన. ఇంజను ఒకసారి దగ్గి, తమాయించుకుంది. అక్కడ వాలు లేదు, చక్రాల చుట్టూ నీళ్ళు. ఆగిందంటే మళ్ళీ కదలదు.

"నొప్పి తగ్గిపోతోందత్తా" అంది మంగ. డాక్టరుగారు చప్పున వెనక్కి తిరిగి నాడి పట్టుకున్నారు. ఆ మొహం చూసి, అది మంచి మాట కాదని నాకు అర్థమైంది.

"ఎక్కడ షార్టయిందో చూస్తానండి" అని తలుపు మీద చెయ్యి వేశాను.

"ఈ వానలో బానెట్ ఎత్తితే ఇంజను తడిసి చస్తుంది. ఎక్కడన్నది తరవాత." సంచిలోంచి కత్తెర తీసి ఇచ్చారు. "దారం లేనివి కోసెయ్."

"అన్నీనా అండి?"

"దారం లేనివన్నీ."

డాష్‌బోర్డు కింద దూరి వేళ్ళతో తడిమాను. దారం ముడి తగిలిన తీగలను ఎడమ పిడికిట్లో పట్టుకున్నాను. ఒకటి కోశాను. హారను మోగుతూనే ఉంది. ఇంకొకటి కోశాను. ముందు లైట్లు ఆరాయి. ఇంజను మళ్ళీ దగ్గింది. కత్తెర చేతిలో జారుతోంది. మూడోది కోయగానే హారను ఆగింది. వైపరు పుంజుకుంది. రైలు వెళ్ళింది, గేటు లేచింది.

లైట్లు లేవు, హారను లేదు. డాక్టరుగారు వైపరు తుడిచే అద్దానికి మొహం దగ్గరగా పెట్టి నడుపుతున్నారు. వెనక కిటికీలోంచి సుబ్బమ్మగారు, "తప్పుకోండ్రా! నా కోడలండీ, తప్పుకోండి!" అని కేకలు వేస్తూనే ఉన్నారు. ఎడ్లబళ్ళు పక్కకు తొలిగాయి.

తణుకు ఆసుపత్రిలో మంగను లోపలికి తీసుకెళ్ళాక కారు ముందుకు వచ్చి చూశాను. వానకు ఊడిపోతుందని భయపడి సుబ్బమ్మగారు నిమ్మకాయను ఇనపతీగతో కట్టారు. ఆ తీగ కొస కారు ముందున్న జాలీలోంచి దూరి, హారనుకు కరెంటు తీగ బిగించిన చోట ఆనింది. షార్టయింది అక్కడే.

డాక్టరుగారు బయటికి వచ్చేసరికి చీకటి పడింది. "తల్లీ బిడ్డా క్షేమం. ఆడపిల్ల" అన్నారు. నేను నిమ్మకాయ చూపించాను. ఆవిడ చాలాసేపు నవ్వి, సుబ్బమ్మగారితో, "దిష్టి మంగకి తగల్లేదమ్మా, నా కారుకి తగిలింది" అన్నారు. తరవాత నా వైపు తిరిగి, "ఆ కత్తెర ఇటివ్వు, ఉడకబెట్టాలి" అన్నారు.

ఆవిడ పోయి రెండేళ్ళయింది. కారు పాత ఇనుములోకి వెళ్ళిందని విన్నాను. కరెంటు చాలని రోజుల్లో ఏ లైన్లు ఆపాలో తేల్చుకోవడం ఇప్పుడు నా ఉద్యోగం. పై నుంచి ఫోను వచ్చినప్పుడు ఆలోచించే వ్యవధి ఉండదు. ఆసుపత్రికీ, మంచినీళ్ళ పంపులకూ పోయే స్విచ్చుల పిడులకు నల్లదారం కట్టి ఉంచాను. నిన్న తీగ మాడినప్పుడు మిగతావన్నీ ఆపేశాను.

మా సబ్‌స్టేషన్ నుంచి పోయే లైన్లు పదకొండు. దారం కట్టినవి రెండు.