దాపట నుంచి వలపటకు

మా అమ్మ పెంచలమ్మ పడవ నడుపుతుందని చెబితే ప్రొద్దుటూరులో మా వీధివాళ్ళు నమ్మరు. "ఈడ సముద్రం యాడుందమ్మా?" అని నవ్వుతారు. సముద్రం లేదు, నిజమే. జమ్మలమడుగు అవతల మైలవరం జలాశయం ఉంది. దాని మీద మా నాయన ఆదినారాయణ వల వేస్తాడు, మా అమ్మ ఇంజను పట్టుకుంటుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇదే ఏర్పాటు. చేపలు మాత్రం ఆదినారాయణ చేపలుగానే అమ్ముడుపోతాయి. నాకు ఒళ్ళు మండే విషయాల్లో ఇదొకటి.

పడవ వెనక ఇంజనుకు పొడుగాటి పిడి ఉంటుంది. దాన్ని మెలితిప్పితే వేగం పెరుగుతుంది, పక్కకు తోస్తే పడవ తిరుగుతుంది. అదీ తిన్నగా తిరగదు, ఎడమకు తోస్తే కుడికి పోతుంది. ఒకసారి నేను పట్టుకుని నేరుగా గట్టును గుద్దాను. అప్పటి నుంచి నాయన నన్ను గట్టు మీదే ఉంచుతాడు, నేనూ పెద్దగా బాధపడలేదు.

మా పాత ఫైబర్ పడవలో అమ్మ ఎప్పుడూ ఎడమ పక్క పలక మీద కూర్చుని కుడిచేత్తో పిడి పట్టుకునేది. పడవ ఒరగకుండా నాయన కుడి అంచున నిలబడి వల లాగేవాడు. అమ్మ పుట్టిల్లు పులివెందుల పక్క పల్లె, మెట్ట సేద్యం చేసే ఎద్దుల ఇల్లు. అక్కడ కాడికి ఎడమ పక్కన కట్టేది దాపటెద్దు, కుడి పక్కన కట్టేది వలపటెద్దు. "నేను దాపట, మీ నాయన వలపట" అని అమ్మ మురిసిపోయేది. పడవ దిగినా ఇద్దరిదీ అదే వరస. జారుడు గట్టు ఎక్కేటప్పుడు నాయన కుడి పక్కన, అమ్మ ఎడమ పక్కన, ఆమె కుడిచేయి ఆయన భుజం మీద. పెళ్ళినాటి ఫోటోలో కూడా సరిగ్గా అట్లాగే నిలబడి ఉంటారు.

పోయిన చలికాలం అమ్మ కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి కూడా చేయి లేవలేదు. పులివెందుల డాక్టరు ఏవో కసరత్తులు చెప్పి, ఇంజను మాత్రం ఇక ఆ చేత్తో పట్టుకోవద్దన్నాడు. ఎడమచేత్తో పట్టుకుందామంటే కుడి పక్కకు మారి కూర్చోవాలి. పాత పడవలో ఆ పక్కన చేపల తొట్టి బిగించి ఉంది, కూర్చోవడానికి జానెడు చోటు లేదు. పైగా ఆ పడవకు వేసిన అతుకులన్నీ కలిపితే ఇంకో పడవ అవుతుంది. ఎట్లా చూసినా కొత్తది తప్పదు.

అక్కడే గొడవ మొదలైంది. గండికోటలో టూరిస్టులను తిప్పే, కారు మాదిరి స్టీరింగు చక్రం ఉన్న పడవ మీద నాయన ఎప్పుడో కన్నేసి పెట్టుకున్నాడు.

"చక్రం పడవ తెచ్చుకుందాం. నేనే తోలుతా. వలకు ఎవరినన్నా పెట్టుకుంటా. నువ్వు కొన్నాళ్ళు గట్టున కూర్చో" అన్నాడు.

"గట్టున కూర్చుని ఏం చేయాల? కొంగలను లెక్కబెట్టాలనా? పిడి పట్టుకుంటే అడుగున నీళ్ళు ఎట్ల పోతాండాయో చేతికి తెలుస్తాది. చక్రానికి ఏం తెలుస్తాది? నాకు పిడి పడవే కావల్ల" అంది అమ్మ.

అరిచింది కానీ ఆమె భయపడిందని నాకు తెలుసు. నీళ్ళ మీద నుంచి దించేస్తే మా అమ్మ ఏమైపోతుందో ఊహించడం కూడా నాకు ఇష్టం లేదు. ఇంట్లో ఒక్క పూట ఊరికే కూర్చుంటే చీపురు పట్టుకుని గోడలతో పోట్లాడే మనిషి ఆమె.

వెంటనే తమ్ముడికి కబురు పెట్టింది. మా మామ నాగేంద్ర పశువుల సంతలో పేరుమోసిన మనిషి. ఎద్దు నాలుగడుగులు వేస్తే చాలు, దాని జాతకం చెబుతాడు. పడవను జన్మలో ముట్టుకోలేదు, ఈత అసలే రాదు. అయితేనేం, మా అమ్మ పుట్టింటివాళ్ళకు కొనేది మిక్సీ అయినా సరే మామ చూడాల్సిందే.

మామ వచ్చి, అంతా విని, మీసం తడుముకున్నాడు. "అక్కా, దాపట అలవాటైన ఎద్దును వలపట కడితే నడుస్తాదా? చచ్చినా నడవదు. ఇంజనూ అంతే. ఇన్నాళ్ళూ నువ్వు తోలింది దాపట ఇంజను. ఇప్పుడు మనం వలపట ఇంజను ఎతకల్ల."

ఇంత తెలివైన మాట తానెప్పుడూ వినలేదన్నట్టు అమ్మ తలూపింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ ఊపాను. జమ్మలమడుగులో బోరు మోటార్లు బాగుచేసే మెకానిక్కును వలపట ఇంజను ఉందా అని అడిగితే ఆయన మా ముగ్గురినీ ఎగాదిగా చూసి మంచినీళ్ళు ఇప్పించాడు. చివరికి ప్రొద్దుటూరులో నూర్ అహ్మద్ షెడ్డుకు చేరాం. చక్రం పడవ దొరుకుతుందేమోనని ఈసారి నాయన కూడా వెంట వచ్చాడు. ఆయన ఫైబర్‌తో నీళ్ళ తొట్లు, తలుపులు చేస్తాడు, ఎవరైనా అడిగితే పడవలూ చేసి ఇంజను కూడా తెప్పిస్తాడు.

షెడ్డులో నీలం పడవ ఒకటి తళతళలాడుతూ ఉంది. మామ దాని చుట్టూ తిరిగాడు. ముక్కు తట్టాడు, పక్కలు నిమిరాడు, వంగి పొట్ట కింద చూశాడు. ఎద్దు ఒంటి మీద చూసినట్టు ఎక్కడైనా చెడ్డ సుడి ఉందేమోనని వెతుకుతున్నాడని నాకు అర్థమై నవ్వు ఆపుకోలేక దగ్గాను.

"నడిపించి సూపీప్పా" అన్నాడు మామ.

"షెడ్డులో యాడ నడిపించేది పెద్దాయనా?" అన్నాడు నూర్ అహ్మద్.

అయినా మామ ఊరుకోలేదు. భుజం మీది తువ్వాలు తీసి ఆయన చేతి మీద కప్పి, దాని కింద వేళ్ళు పట్టుకున్నాడు. సంతలో పక్కవాళ్ళకు తెలియకుండా బేరమాడే పద్ధతి అది. నూర్ అహ్మద్‌కు ఆ సంగతి తెలియదు. పెద్దాయన ఎందుకో ఆప్యాయంగా ఉన్నాడనుకుని, గుడ్డ కిందే మామ చేయి గట్టిగా నొక్కి, "మీరూ బాగుండాల" అన్నాడు. నేను బయటికి పరుగెత్తి కడుపు పట్టుకుని నవ్వి లోపలికి వచ్చాను.

అప్పటికి అమ్మ వలపట ఇంజను సంగతి అడిగేసింది. నూర్ అహ్మద్ నవ్వలేదు, పాపం మంచివాడు. "అమ్మా, ఇంజను నట్టనడుమ ఉంటాది. దానికి పక్కలు లేవు. ఈ పడవలో రెండు పక్కలా పలక ఉంది. నువ్వే ఆ పక్కకు జరిగి కూర్చో, అంతే" అన్నాడు.

అమ్మ నోరెళ్ళబెట్టింది. తర్వాత చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ఆ ఎండిన షెడ్డులోనే పడవ ఎక్కేసింది. కుడి పక్క పలక మీద కూర్చుంది. ఎడమచేత్తో పిడి పట్టుకుంది. "డుర్ర్" అని నోటితోనే ఇంజను వేసి, సిమెంటు నేల మీద మైలవరం అంతా తిరిగి వచ్చింది. టీ వస్తే పడవలోనే తాగింది, దిగమంటే దిగలేదు. ఆమె ముఖం చూసి నాకు ఎగిరి గంతులు వేయాలనిపించింది.

అప్పుడు మామ చిటిక వేశాడు. "అట్లయితే బావ కూడా మారల్ల గదా! కాడిలో ఒగటి పక్క మారితే రెండోది ఆడనే ఉంటాదా?"

నిజమే. అమ్మ కుడి పక్కకు వస్తే నాయన ఎడమ అంచుకు పోవాలి. లేకపోతే బరువంతా ఒకే పక్కన పడి పడవ ఒరుగుతుంది. అందరం నాయన వైపు తిరిగాం. ఆయన అప్పటిదాకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"నేను మారేది లే. పుట్టినప్పటి నుంచి వల కుడిపక్కనే లాగినా. ఇప్పుడు మారను" అని బయటికి పోయాడు.

అమ్మ టీ గ్లాసు పక్కన పెట్టింది. ఆ పడవలో ఆమె ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు కనిపించింది. నాకు నాయన మీద పట్టరాని కోపం వచ్చింది.

"ఒగసారి నీళ్ళలో చూసుకోండి. నచ్చకపోతే వెనక్కి తెచ్చుకుంటా" అన్నాడు నూర్ అహ్మద్. మరుసటి రోజు పడవను మినీ లారీలో మైలవరం తెచ్చాడు.

అమ్మ కుడి పలక మీద కూర్చుంది. నాయన పట్టిన పట్టు విడవకుండా ఆమె ముందు అదే కుడి అంచున నిలబడ్డాడు. ఎడమ పక్కన బరువుకు ఎవరో ఒకరు ఉండాలి కదా. మామకు లైఫ్ జాకెట్టు తొడిగి కూర్చోబెట్టాం. ఆయన తనకు తెలిసిన దేవుళ్ళనందరినీ పేరుపేరునా పిలవడం మొదలుపెట్టాడు.

ఇంజను అందుకుంది. అమ్మ ఎడమచేయి కుడిచేయి లెక్కలోనే ఉంది. లాగాల్సినప్పుడు తోసింది, తోయాల్సినప్పుడు లాగింది. పడవ గిరగిరా తిరిగింది. గట్టు మీద నేను "ఇటు! ఇటు!" అని అరుస్తుంటే, నా పక్కన నూర్ అహ్మద్ తల పట్టుకుని "అల్లా, నా పడవ!" అంటున్నాడు. ఇంకో చుట్టు తిరిగేసరికి మామ ఓర్చుకోలేక "అక్కా!" అని కేకవేసి ఎడమ పలక మీద నుంచి లేచి వెళ్ళి అమ్మను కావలించుకున్నాడు. ముగ్గురూ ఒకే పక్క. పడవ ఒరిగి, అంచు మీదుగా నీళ్ళు లోపలికి దూకాయి.

నాయన ఒక్క గెంతులో ఎడమ అంచుకు వెళ్ళి పడ్డాడు.

పడవ కుదురుకుంది. అమ్మ చేయి కూడా అప్పుడే దారికొచ్చింది. పడవ నీళ్ళను చీల్చుకుంటూ తిన్నగా పోయింది.

"కదలద్దు! ఆడనే ఉండు!" అని అరిచింది అమ్మ.

ఆయన కదల్లేదు. కాసేపటికి, తాను వేసిపెట్టిన వల దగ్గరికి రాగానే వంగి, ఆ పక్క నుంచే అందుకున్నాడు. ఎంత దిక్కుమాలినట్టు లాగాడంటే, రెండో బారకే వల ఆయన చొక్కా గుండీకి చిక్కుకుంది. విడిపించుకోబోతే ఇంకో గుండీ చిక్కింది. ఇంతకాలం చేపలను పట్టిన మనిషి తానే చేపలా గింజుకుంటుంటే అమ్మ నవ్వింది. పిడి మీద వాలిపోయి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది. పడవ మళ్ళీ గిర్రున తిరిగింది. మామ మళ్ళీ దేవుళ్ళ దగ్గరికి పోయాడు.

గట్టుకు వచ్చాక నాయన గుండీలు లేని చొక్కాతో దిగి, నూర్ అహ్మద్‌తో "ఇదే ఉండనీప్పా" అన్నాడు.

నేను ఊరుకోలేదు. "ముందే మారింటే ఏం పోయేది నాయనా? నిన్న అమ్మ ముఖం చూస్తివా?" అని గట్టిగానే అడిగాను.

ఆయన నా వైపు చూడలేదు. అమ్మతో అన్నాడు. "నీ చేయి బాగైతాదని చూస్తాంటి. నేను పక్క మారితే, అది ఇంగ బాగుకాదని ఒప్పుకున్నట్టే గదా."

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. అమ్మ మాత్రం తేలిగ్గా కొట్టిపారేసింది.

"బాగుకాకపోతే పాయ. ఇంగొగటి లేదా?" అని ఎడమచేయి పైకెత్తి ఆయన ముఖం ముందు ఆడించింది.

ఇంటికి బయలుదేరారు. జారుడు గట్టు దగ్గర ఎప్పటిలాగే నాయన అమ్మకు కుడి పక్కన ఉన్నాడు. రెండడుగులు వేసి ఆగాడు. ఆమె వెనక నుంచి చుట్టి ఎడమ పక్కకు వచ్చి నిలబడ్డాడు. అమ్మ ఎడమచేయి ఆయన భుజం మీద వేసి గట్టు ఎక్కింది.