పచ్చజొన్న సంచి

రాయదుర్గం బస్టాపులో ఆ రోజు నా పక్కన కూర్చున్న అవ్వ, ఖాళీ గుడ్డసంచిని తిరగేసి కుట్లన్నీ వెతుకుతోంది.

“ఏం పోయింది అవ్వా?”

“ఇత్తనాలు బిడ్డా, పచ్చజొన్నలు. ఇప్పుడు వానలు ఎప్పుడొస్తయో తెల్వదు. పోయినేడు అందరి చేండ్లు ఎండినయి, ఈ జొన్నేసిన నా చేనొక్కటే నిలవడ్డది. మా ఇల్లు కురుస్తదని కోకాపేటల కొడుకింట్ల దాచిన. తెల్వక కోడలు పిండి పట్టించింది.”

“రొట్టెలు బాగున్నాయా?” అన్నాను. నా నోటికి సమయం, సందర్భం తెలియవు.

“మంచిగున్నయి. నేను సుత రెండు తిన్న. తిన్నంక చెప్పింది.”

ఆఫీసులో ఫైళ్లకు కాపీలు దాచడం నా ఉద్యోగం. ఎవరూ తెరవని ఫైళ్లకు కూడా మూడేసి కాపీలుంటాయి.

“ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేవా?”

“దాసుకోండ్రని అందరికి తలా ఇంత ఇచ్చిన. వాళ్లేమో పత్తి పెట్టిన్రు, జొన్నలు కోళ్లకేసిన్రు.”

కుట్టులో నాలుగు గింజలు దొరికాయి. గోటితో నొక్కి చూసింది. నాలుగూ పురుగు తొలిచినవే, పైపొట్టే మిగిలింది.

బస్సు వచ్చింది. అవ్వ వాటిని కొంగున ముడేసుకుని లేచింది.

“అవి మొలవవు కదా అవ్వా?”

“ఎర్కే బిడ్డా. పారేయనీకి చేతులొస్తలేవు.”