ఘాటు వదిలిన ఇల్లు

కారంపూడిలో కృష్ణకుమారి ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ వీధి పేరు చెప్పరు. "మిరపకాయల కుమారమ్మ గదా, అదుగో ఆ నీలం తలుపులిల్లు" అంటారు. భర్త పోయిన ఏడాది నుంచి ఇరవై రెండేళ్లపాటు, వ్యాపారులు పంపే మిరపకాయలకు ఆ ఇంటి ముందు హాల్లోనే ఆమె ముఠా తొడిమలు తీసింది. పన్నెండు మంది ఆడవాళ్లు, పన్నెండు పీటలు, మధ్యలో ఎర్రటి గుట్ట. ఆ రెక్కల కష్టంతోనే ఇల్లు నిలబెట్టుకుంది. యాభై మూడో ఏట మాత్రం, ఒకరి కాయలకు తొడిమలు తీసింది ఇక చాలనుకుంది.

నరసరావుపేటలో కారం పట్టే మర ఒకటి అమ్మకానికొచ్చింది, వెనక రెండు గదులతో సహా. మర యజమాని ముసలాయన ఉగాది దాకా ఆగుతానన్నాడు, ఆపైన ఒక్కరోజు కూడా ఆగనన్నాడు. అంటే ఉగాదిలోపు ఈ ఇల్లు మంచి ధరకు పోవాలి. పోకపోతే మర ఇంకొకరిది.

మార్గశిరంలో బ్రోకరు ధనుంజయరావు హైస్కూలు మాస్టారు శరత్‌నీ ఆయన భార్య అపర్ణనూ తీసుకొచ్చాడు. కృష్ణకుమారి ముందురోజే ఇల్లంతా కడిగి, కళ్లాపి చల్లి, ముగ్గేసి, పట్టుచీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. అపర్ణ లోపల కాలు పెట్టిందో లేదో తుమ్ములు మొదలయ్యాయి. ఒకటా రెండా! ఆ తుమ్ములకు ఎదురింటి మేక అరిచింది. పాపం, పిల్లకు జలుబు చేసినట్టుందని కృష్ణకుమారి మిరియాల పాలు కాచి తెచ్చేసరికి ఆవిడ బండెక్కి కూర్చుంది.

"జలుబు కాదక్కా, నీ ఇల్లే" అన్నాడు ధనుంజయరావు.

"నా ఇంటికి ఏందిరా? అద్దంలా ఉంటే!"

"ఘాటక్కా, ఘాటు. నేను నీ ఇంటికొచ్చేటప్పుడు ముక్కుకు కర్చీఫు కట్టుకొస్తా, నువ్వు చూడలా? ఇది ఇల్లుగా పోదు. కూలగొట్టుకునేవాడికి స్థలం రేటుకి ఇచ్చేయటమే."

స్థలం రేటుకి ఇస్తే మర ఖరీదులో సగం కూడా రాదు. కృష్ణకుమారికి కోపం నషాళానికంటింది. ముఠాలో వాళ్లందర్నీ పిలిచి గోడగోడా వాసన చూపించింది. ఏమీ లేదు, బ్రోకరు అబద్ధాలు చెబుతున్నాడని పన్నెండు మందీ ఒట్టేశారు. ఇరవై రెండేళ్లు మిరప ధూళి పీల్చిన ముక్కులవి. వాటికి ఘాటు ఎక్కడ తెలుస్తుంది? ఆ రాత్రి మంచం మీద కూర్చుని ఆమెకే అర్థమైంది. అర్థమయ్యాక ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వొచ్చింది.

పుష్యమాసంలో మా వైపు ఇల్లు కొనేవాడూ ఉండడు, బయానా ఇచ్చేవాడూ ఉండడు. ఆ నెల తనదేనని నడుం బిగించింది. మేస్త్రీ నాగూర్ వలిని పిలిచింది. ఆయన తెలివిగా గోడలు పొడిగానే గీకడం మొదలెట్టాడు. ఐదు నిమిషాల్లో కళ్లనీళ్లతో వీధిలో పడ్డాడు. "అమ్మా, ఇది ఇల్లు కాదు, కారం డబ్బా!" అని అక్కణ్ణుంచే కేకేశాడు. మర్నాటి నుంచి ముందు గోడలు తడిపి, తర్వాత గీకారు. బండల సందుల్లో పాత సిమెంటు తోడేసి కొత్తది పెట్టారు. అటక దించి సబ్బునీళ్లతో కడిగారు. మూడుసార్లు సున్నం వేశారు.

మరి ఘాటు పోయిందో లేదో చెప్పేదెవరు? పక్కింటి నీలిమకు ఐదో నెల. నాలుగిళ్ల అవతల పోపు పెట్టినా కడుపులో తిప్పేస్తుందంటుంది. కృష్ణకుమారి రోజూ సాయంత్రం ఆ పిల్లను బతిమాలి గుమ్మం దాకా తెచ్చేది.

"ఎట్టుందే?"

"నాలుగు తుమ్ములొచ్చినయ్, పిన్నీ."

"నిన్న ఆరు గదా! తగ్గింది, తగ్గింది."

పుష్యం ముగిసేసరికి నీలిమ తుమ్మకుండా హాల్లో కూర్చుని జామకాయ తింది. చలికాలమైనా తనకు ఉక్కగా ఉందని ఫ్యానేసింది. వెంటనే మళ్లీ మొదలు. వలి నిచ్చెనేసి ఫ్యాను దించాడు. ఫ్యాను కడ్డీ మీదుండే ప్లాస్టిక్ కప్పు విప్పితే పిడికెడు ఎర్రటి పొడి నేల మీద రాలింది. కృష్ణకుమారి ఆ పొడికేసి చూసి, "ఓసి నీ దుంపతెగ, ఇక్కడ దాక్కున్నావా!" అని దాన్ని చేటలోకి ఎత్తి కాలవలో పారబోసి వచ్చింది.

మాఘం రాగానే కొత్త కాయలు దిగాయి. వ్యాపారి మౌలాలీ వంద బస్తాలు పంపుతానని ఫోను చేశాడు. కాదంటే ఈ ఏడు కూలి లేదు, ఇల్లు అమ్ముడుపోకపోతే మరా లేదు. ఒక్క బస్తా దించినా నెల కష్టం బూడిదలో పోసినట్టే. "ఈ ఏడు మన దగ్గర తొడిమల పని లేదన్నా" అని ఫోను పెట్టేసింది.

ఫాల్గుణంలో ధనుంజయరావు, ఘాటు పోయిందని చెప్పి బతిమాలి, శరత్ మాస్టారు దంపతులను మళ్లీ తీసుకొచ్చాడు. అపర్ణ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునే గడప దాటింది. రెండడుగులేసి కొంగు కొద్దిగా దించింది. వంటగది చూసింది, వెనక పంపు తిప్పి చూసింది, వచ్చి హాల్లో చాప మీద కూర్చుంది.

"ఉక్కగా ఉంది. ఫ్యానేయండమ్మా" అంది.

కృష్ణకుమారి స్విచ్చేసి అపర్ణ ముక్కుకేసి చూసింది. ఫ్యాను తిరిగింది. ధనుంజయరావు కళ్లు మూసుకున్నాడు. అపర్ణ తల వెనక్కి ఆనించి, "ఏమండీ, గాలి బాగా వస్తుంది. మన మంచం ఈ గోడకేద్దాం" అంది. కృష్ణకుమారికి ఎగిరి గంతేయాలనిపించింది. పెద్దరికం అడ్డొచ్చి ఊరుకుంది.

ఇల్లు ఇల్లుగానే పోయింది, స్థలంగా కాదు. రిజిస్ట్రేషను అయిన మూడో రోజునే, ఉగాదికి ఇంకా వారముందనగా, నరసరావుపేటలో మర కాగితాలు రాయించడానికి కూర్చుంది. దస్తావేజు లేఖరి పేరు, వయసు రాసుకుని, ఆమె చేతులకేసి ఒకసారి చూసి, అడక్కుండానే వృత్తి దగ్గర "కూలి" అని రాయబోయాడు.

"ఆగయ్యా. మర యజమానురాలు అని రాయి."

"ఇంకా కాలేదు గదమ్మా! సంతకాలైతే గదా?"

"నువ్వు రాయి. నేను సంతకం పెట్టేలోపు అవుతాగా" అని కృష్ణకుమారి పెన్ను అందుకుంది.