మామ తోలిన లిఫ్టు

మా అత్తకు మోకాళ్లు అరిగాయని డాక్టరు చెప్పిన రోజే మా మామ లిఫ్టు కొన్నాడు. వినేవాళ్లకు ఎంత ప్రేమో అనిపిస్తుంది. జరిగింది వేరు. చెన్నైలో ఆసుపత్రి వరుసలో ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, పాత టేకు తలుపులు చూసొస్తానని ఆయన పాతసామాన్ల గోదాముకు పోయాడు. అక్కడ ఏదో కూల్చేసిన భవనంలోంచి ఊడదీసిన లిఫ్టు ఒకటి పడి ఉంది. చెక్క పెట్టె, జాలీ తలుపు, కప్పుకు చిన్న ఫ్యాను, లోపల గోడకు ఇత్తడి పిడి. ఆ పిడిని చూశాక ఆయనకు తలుపులూ గుర్తులేవు, భార్యా గుర్తులేదు. "ఇంక మెట్లు ఎక్కొద్దమ్మా" అని డాక్టరు చెప్పిన మాట ఆమె ఒక్కతే విని, ఒక్కతే ఆటో ఎక్కి బసకు చేరుకుంది.

అప్పటికే పులివెందులలో ఆయన మూడంతస్తుల ఇల్లు లేపుతున్నాడు. పడకగదులన్నీ పై అంతస్తులోనే. నేలమీద ఒకే ఒక పెద్ద గది. దాన్ని ఆయన ఆఫీసు అనేవాడు. ఆయనకు ఏ ఆఫీసూ లేదు. చీనీ బత్తాయి తోటలున్నాయి, తన మాటకు ఎదురులేదన్న నమ్మకం ఉంది, అంతే. పొద్దున్నే నలుగురూ వచ్చి గోడవారగా నిలబడి ఏదో ఒకటి అడగాలి. ఈయన కాలుమీద కాలేసుకుని "చూద్దాంలేప్పా" అనాలి. ఆ పనికి కింది గది కావాలి. మోకాళ్లు అరిగిన మనిషికి మూడో అంతస్తు చాలు.

నేను ఆయన అక్క కూతురిని. ప్రొద్దుటూరులో ఉంటాను. రోజూ బస్సులో జమ్మలమడుగు పోయి అక్కడొక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో విద్యుత్ యంత్రాల పాఠం చెబుతాను. నా చదువు గురించి మామ ఏనాడూ ఒక్క మంచి మాట అన్నది లేదు. ఆడపిల్లకు కరెంటుతో పనేందని మా అమ్మతో గొడవపడిన మనిషి. అలాంటాయన ఆ సాయంత్రమే ఫోను చేశాడు.

"పాపా, నువ్వు కరెంటు సదివినావు గదా. దొరల కాలం లిఫ్టు దొరికింది నాకు. నువ్వొచ్చి దానికి పానం పొయ్యాల."

"మామా, అత్త కోసరమైతే కొత్తది పెట్టించు. బటను నొక్కితే పోతాది, వస్తాది."

"బటనా? బటను కోడిపిల్ల గూడ పొడుస్తాది. ఇదైతే ఒక మొగోడు నిలబడి చేత్తో తోలాల. జిల్లాలో ఎవురింట్లోనన్నా ఉందా చెప్పు?"

ఎవరింట్లోనూ లేదు. ఉండకపోవడానికి కారణం ఉంటుందని ఆయనకు తోచలేదు.

అయినా పోయాను. అలాంటి లిఫ్టుల గురించి పుస్తకంలో చెప్పడమే తప్ప కళ్లారా చూసింది లేదు. వరండాలో ధాన్యం పట్టాల మీద ఆ యంత్రమంతా విడివిడిగా పరిచి ఉంటే, మామ మీద కోపం కాసేపు పక్కన పెట్టాను.

దాని పద్ధతి ఇది. పిడి నడిమిలో ఉంటే లిఫ్టు కదలదు. కుడికి తిప్పితే పైకి, ఎడమకు తిప్పితే కిందికి. పిడి నుంచి పోయిన తీగలు మోటారు గదిలో ఒక నల్లరాతి పలకను చేరతాయి. ఆ పలక మీద రాగి ముక్కలు బిగించిన స్విచ్చులు వరుసగా ఉంటాయి. మోటారుకు ఉన్న బలమంతా ఒక్కసారే ఇచ్చేస్తే, ముల్లుకర్రతో పొడిచిన ఎద్దులాగా ఎగిరి దూకుతుంది. అందుకని మొదట ఇనుప చట్రాల్లాంటి రెసిస్టెన్సులు అడ్డం పెట్టి మెల్లగా కదిలిస్తారు. ఆ తర్వాత స్విచ్చులు టక్కు టక్కుమని ఒకదాని వెనక ఒకటి మూసుకుంటూ ఆ అడ్డాన్ని తీసేస్తుంటే మోటారు వేగం అందుకుంటుంది. పిడి వెనక ఒక స్ప్రింగు. చెయ్యి వదిలితే చాలు, అది పిడిని నడిమికి లాగేస్తుంది. కరెంటు తెగి బ్రేకు బిగుసుకుంటుంది. తోలేవాడు సొమ్మసిల్లినా, కునుకు తీసినా, బుద్ధిలేనివాడైనా లిఫ్టు ఆగిపోతుంది. దాన్ని తయారు చేసినవాళ్లకు మా మామ లాంటివాళ్లు బాగానే తెలుసనుకుంటాను.

మోటారును ప్రొద్దుటూరులో వైండింగ్ షాపులో కట్టించాను. బ్రేకు ముక్కలు అరిగిపోతే జమ్మలమడుగులో లేతు మిషను పెట్టుకున్న మేస్త్రి కొత్తవి చేశాడు. తర్వాత ఆయనే పులివెందుల వచ్చి అన్నీ బిగించాడు. సెలవు రోజులన్నీ నావి అందులోనే పోయాయి. మామ చేసిన పనల్లా కుర్చీ వేసుకుని కూర్చోవడం, దారిన పోయేవాళ్లను పిలిచి "మా లిఫ్టు చూడండప్పా" అనడం, చింతపండుతో ఆ పిడిని తోమించడం.

లిఫ్టు హద్దు దాటి పైకి పోతే కరెంటు దానంతటదే తెగేట్టు అది తిరిగే గూటి పైభాగంలో ఒక స్విచ్చు పెట్టించాను. అది చూసి మామ మొహం ముడుచుకున్నాడు.

"నేను తోలతాంటే ఇదెందుకు? నామీద నమ్మకం లేదా?"

"లేదు మామా. అందుకే పెట్టిస్తాండా."

నవ్వుతాననుకున్నాడు. నేను నవ్వలేదు.

మొదటిసారి తోలింది నేనే. పిడి కుడికి తిప్పగానే పైన స్విచ్చులు వరుసగా మూసుకున్న చప్పుడు వినిపించింది. చెక్క పెట్టె చిన్నగా వణికి, తర్వాత నీళ్లలో తేలినట్టు లేచింది. అంత పాత యంత్రం అంత మర్యాదగా నడుస్తుందని నేను అనుకోలేదు. ఆ ఇంట్లో అంత మర్యాద తెలిసింది మరొకటి లేదు.

కిందికి దిగాక అత్త గోడ పట్టుకుని మెల్లగా వచ్చి లోపలికి తొంగిచూసింది.

"ఏమ్మే, కూచునేదానికి పీటేమన్నా ఉందా?"

"లేదత్తా, నిలబడాల."

"ఈ పిడి?"

"పైకి పోయేదాంక పట్టుకోనే ఉండాల. వదిలితే నిలబడిపోతాది."

ఆమె పిడి పట్టి తిప్పబోయింది. స్ప్రింగు గట్టిది. సగం దాకా తిప్పి, చెయ్యి విదిలించుకుని వదిలేసింది. మామ ముందుకొచ్చాడు.

"నువ్వెందుకు తిప్పుతావు? నేను తిప్పుతా గదా."

"నువ్వు పొద్దున పోతే మాపటికి గదా వస్తావు? అంతసేపు నన్నెవురు తోలాల, ఎద్దులా?"

"మనిషిని పెడతాలే."

"నేను స్నానానికి పోవాలన్నా, పండుకోవాలన్నా ఒక మొగమనిషిని పిలుచుకోని పోవాల్నా?"

"నీకోసరం ఇంత చేస్తాంటే ఏంది నీ సొద?"

"నాకోసరమని ఊర్లో చెప్పుకో. నాకు చెప్పాకు."

అంత ముక్కుసూటి మాట తర్వాత ఇంకెవరైనా ఆలోచనలో పడతారు. మామ పడలేదు. గృహప్రవేశం ఏర్పాట్లలో పడ్డాడు. చుట్టుపక్కల పలుకుబడి ఉన్న ఒక నాయకుడు వస్తానని మాటిచ్చాడట. ఆయన్ను లిఫ్టులో నిలబెట్టి, జనం కింద నుంచి జాలీలోంచి చూస్తుండగా, తాను రెండు చేతులా దండం పెడుతూ పైకి లేవాలి. అదీ మామ కోరిక. గృహప్రవేశానికి కొన్నాళ్ల ముందు నేను పోయేసరికి ఆ దండం సాధన చేస్తున్నాడు. పిడి తిప్పడం, చేతులు జోడించడం, లిఫ్టు టక్కున ఆగిపోవడం. మళ్లీ తిప్పడం, మళ్లీ జోడించడం, మళ్లీ ఆగిపోవడం.

"ఏంది పాపా ఇది! దండం పెడితే నిలబడిపోతాంది?"

"దాని గుణమే అది మామా. చెయ్యి లేకపోతే కదలదు. ఆ స్ప్రింగు జోలికి పోవద్దు. ఒక చేత్తో పిడి పట్టుకో, ఒక చేత్తో దండం పెట్టు."

"ఒక చేత్తో దండం పెడితే పెద్దాయన ఏమనుకుంటాడు?"

తనను చూసి ఎవరేమనుకుంటారో మామ ముందే లెక్క చూసుకుంటాడు, భార్య ఏమనుకుంటుందో తప్ప.

గృహప్రవేశం రోజు ఇల్లంతా జనం. పాటలు పెద్దగా మోగుతున్నాయి. నాయకుడు రాగానే పూలదండలు, ఫోటోలు. మామ పట్టుపంచె సర్దుకుని ఆయన్ను లిఫ్టులోకి తీసుకుపోయాడు. అత్తను కూడా లాక్కుపోయి మూలన నిలబెట్టాడు. ఎవరికోసం పెట్టించాడో జనానికి కనబడాలి కదా. ఆమె పట్టుచీర కుచ్చెళ్లు పట్టుకుని నావైపు ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. నేను మెట్లెక్కి పై అంతస్తుకు పోయి వాళ్ల కోసం నిలబడ్డాను. జమ్మలమడుగు మేస్త్రి అక్కడే ఉన్నాడు. నన్ను చూసి తలవంచుకున్నాడు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

కింద చప్పట్లు. లిఫ్టు లేచింది. జాలీలోంచి వంగి చూస్తే మామ రెండు చేతులూ జోడించి ఉన్నాడు. లిఫ్టు ఆగలేదు.

"మేస్త్రీ, స్ప్రింగేమైంది?" అన్నాను.

"మీ మామ తీయమన్యాడు మేడం. నిన్న తీసినా. ఎదురు చెప్పలేకపోతి."

నేను జాలీ దగ్గరికి పరుగెత్తి "మామా, పిడి నడిమికి తిప్పు!" అని అరిచాను. పాటల హోరులో నా గొంతు ఎవరికి వినిపిస్తుంది? మామ నాయకుడితో ఏదో చెబుతూ, చేతులు దించకుండా, నా కళ్లముందే పై అంతస్తు దాటి ఇంకా పైకి పోయాడు. మొదట తల, తర్వాత జోడించిన చేతులు, తర్వాత పట్టుపంచె అంచు నా ముందునుంచి పైకి జరిగాయి. ఆ తర్వాత పైన స్విచ్చు టప్పుమంది. బ్రేకు పట్టింది. లిఫ్టు అడుగు నా నడుమెత్తున ఆగి, కింద చీకటి గుయ్యారం నోరు తెరిచింది.

లోపల నాయకుడు కేకలు పెట్టాడు. ఊరి జనానికి ధైర్యం చెప్పే గొంతు అది. చిన్నపిల్లాడి గొంతులా సన్నబడింది. జాలీ లాగి కిందికి దూకబోయాడు.

"దూకొద్దు సార్! కింద ఖాళీ ఉంది, పడిపోతారు. కదలకుండా నిలబడండి, నేను దించుతాను" అన్నాను.

మామ పిడిని అటూ ఇటూ తిప్పుతూ ఏమన్నాడో తెలుసా?

"ఏం లేదన్నా, కరెంటు పోయింది. వస్తాది."

అంత హోరులోనూ అత్త గొంతు స్పష్టంగా వినిపించింది. "నెత్తిన ఫ్యాను తిరుగుతాంది గదా."

ఆ మాట అని ఆమె నింపాదిగా లిఫ్టు అడుగున చతికిలబడి కాళ్లు చాపుకుంది. నిలబడే ఓపిక ఆమెకు ఎప్పుడో అయిపోయింది.

మేస్త్రీ, నేనూ మోటారు గదికి పోయాం. మెయిను ఆపేశాక ఆయన బ్రేకు కొంచెం కొంచెంగా వదులుతుంటే నేను మోటారు చక్రం చేత్తో తిప్పాను. భుజాలు పట్టేశాయి. లిఫ్టు అంగుళం అంగుళం దిగి గడపకు సమమైంది. నాయకుడు బయటపడి, మెట్లమీదుగా చరచరా దిగి, ఆకులో అన్నం వడ్డించి ఉంటే కూడా చూడకుండా కారెక్కాడు. ఆయన వెంట వచ్చినవాళ్లు మాత్రం నింపాదిగా తిని పోయారు.

జనం చూస్తుండగా మామ నావైపు తిరిగాడు.

"సదువుకుందని అప్పజెప్తే ఇదీ కత. పుస్తకాల సదువు పనికొస్తాదా?"

నేను నోరు తెరిచేలోపే అత్త గోడ పట్టుకుని లిఫ్టులోంచి బయటికొచ్చింది.

"గమ్మునుండు. దండం పెట్టేదానికి నిన్న స్ప్రింగు తీపించింది నువ్వు. నేను జూసినా. ఆ పాప పైన స్విచ్చు పెట్టకపోయింటే ఈపొద్దు నలుగురూ మనకే దండం పెట్టి పోయేవాళ్లు."

ఎవరో నవ్వారు. ఇంకెవరో నవ్వారు. మామ మొహం చూస్తుంటే నాకు చాలా సంతోషం వేసింది. దాచుకోవలసిన అవసరం ఇప్పుడూ కనిపించడం లేదు.

ఆరోజే అత్త మెట్లు ఒక్కొక్కటే దిగి కిందికొచ్చింది. నన్ను పిలిచి ఆఫీసు గదిలోని సోఫాలూ పెద్ద బల్లా పైకి పంపించమంది. తన మంచం ఆ గదిలో వేయించుకుంది. మామ అరిచాడు, అలిగాడు, ఒక పూట అన్నం మానేశాడు. ఆమె కదలలేదు. "నాకు మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పినాడు. నీకు చెప్పలేదు గదా" అంది. చివరికి ఆయన ఆఫీసు మూడో అంతస్తుకు చేరింది. పనుల కోసం వచ్చేవాళ్లు అంత దూరం ఎక్కలేక, ముందు కింద అత్తనే కలిసి చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆమె "చూద్దాంలే" అనదు. అవుతుందో కాదో అప్పుడే చెప్పేస్తుంది.

లిఫ్టును మామ మళ్లీ ముట్టలేదు. చెక్క పెట్టెలో ఇప్పుడు బియ్యం మూటలున్నాయి. రాతి పలకనూ స్విచ్చులనూ మా కాలేజీ లాబుకు ఇమ్మని అడిగాను. దాత పేరు పాలరాతి మీద చెక్కిస్తేనే ఇస్తానన్నాడు. మా యాజమాన్యం ఎగిరి గంతేసి ఒప్పుకుంది. పెద్ద ఖర్చు లేకుండా ఫోటో దిగే అవకాశం వాళ్లెప్పుడూ వదులుకోరు. రిబ్బను కత్తిరించే రోజు మామ వచ్చి, పాత యంత్రాలను కాపాడుకోవడం గురించి చాలాసేపు మాట్లాడాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

ఆ పలకకు ఒక చిన్న మోటారు కలిపి పాఠం చెబుతున్నాను. మొన్న ఒక అమ్మాయి స్విచ్చులు ఒకదాని తర్వాత ఒకటి మూసుకోవడం చూసి, "ఇంకోసారి పెట్టండి మేడం" అంది. ఇంకోసారి పెట్టాను.