ఆయ్ అన్నందుకు

మా నాన్న రసీదులన్నీ అమ్మ బైబిలు జిప్పు కవరులో ఉండేవి. నెలకొకటి చొప్పున, మడత పడకుండా, కీర్తనల దగ్గర. ఆ రోజు కోర్టులో ఆ బైబిలు నా ఒళ్లోనే ఉంది. నాన్న బోనులో ఉన్నాడు. మా ఇద్దరికీ మధ్య నాలుగు బెంచీలు కూడా లేవు. అది తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మొదటినుంచీ చెబుతాను. నాన్న దక్షిణాన ఒక జిల్లాలో రొయ్యల చెరువులకు మేత వ్యాను నడిపేవాడు. జీతం దగ్గర మాటా మాటా పెరిగి కాటా దగ్గరి మనిషిని ఒకసారి తోసేశాడు. అతను గట్టు మీంచి జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నాన్న తన జీవితంలో ఇంకొకరి మీద చెయ్యి వేసింది అదొక్కసారే. తోసిన మాట నిజమేనని కోర్టులో తనే ఒప్పుకున్నాడు. ఏడాది జైలు పడాల్సింది, మొదటి తప్పు కదా అని ప్రొబేషన్ మీద వదిలిపెట్టారు. రెండేళ్లు బుద్ధిగా ఉండాలి, నెలనెలా ప్రొబేషన్ ఆఫీసరుకు కనబడాలి, దెబ్బ తిన్న మనిషికి నష్టపరిహారం నెలకింతని కట్టాలి. ఇందులో ఏది తప్పినా ఆ జైలు మళ్లీ మెడకు చుట్టుకుంటుంది.

డ్రైవరు పని ఎలాగూ పోయింది. ఆ ఊళ్లో అద్దె గదిలో ఒక్కడూ ఉండి ఏం చేస్తాడని అర్జీ పెట్టుకుని, ఆయన మీద పర్యవేక్షణను మా జిల్లాకు మార్పించుకున్నాం. ఆ కాగితం వచ్చిన రోజు అమ్మ ఇంట్లో ప్రార్థన పెట్టించింది. నేను స్కూల్లో స్వీట్లు పంచాను. ఎందుకు టీచర్ అని అడిగితే ఊరికే అన్నాను. మా నాన్న మీద కేసుందని అక్కడ ఎవరికీ చెప్పలేదు మరి.

అప్పటినుంచి ప్రతి నెలా మొదటి సోమవారం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని రాజోలులో అమలాపురం బస్సు ఎక్కేవాడు. బ్యాంకులో చలానా కట్టి, ఆఫీసులో సంతకం పెట్టి, మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి రసీదు అమ్మ చేతికిచ్చేవాడు. వరదకు బస్సులు ఆగిపోయిన నెలలో కూడా ఎవరిదో బండి పట్టుకుని వెళ్లాడు. ఒక్క నెల తప్పలేదు. ఒక్క నెలంటే ఒక్క నెల.

ఇక్కడ కట్టినది అక్కడి కోర్టు పుస్తకంలోకి ఎక్కలేదు. ఏ బల్ల మీద ఆగిపోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. పరిహారం ఎగ్గొట్టావు, వచ్చి సంజాయిషీ ఇచ్చుకోమని ఆ కోర్టునుంచి నోటీసు వచ్చింది.

నాన్న అస్సలు కంగారు పడలేదు. "కట్టేం కదమ్మా. రసీదులు ఉన్నాయి. ఆళ్లు పెద్ద చదువులు చదివినోళ్లు, చెప్తే ఇంటారు" అన్నాడు. భయమంతా నాదే. ఒకసారి కోపం వచ్చి చెయ్యి జారినవాడు, మళ్లీ అక్కడ నోరు జారితే ఎలాగని నా బెంగ. రైల్లో దారి పొడుగునా పాఠం చెప్పాను. ఎదురు మాట్లాడకు, గొంతు పెంచకు, ఏమన్నా వినయంగా ఉండు.

"ఆయ్, అలాగేనండి టీచరు గారూ" అన్నాడు. నాకు ఉద్యోగం వచ్చినప్పటినుంచీ నన్ను అలాగే ఏడిపిస్తాడు.

ఈ ఆయ్ గురించి తెలియనివాళ్లకు చెప్పాలి. కోనసీమలో ఆయ్ అంటే అవును అనే కాదు. వింటున్నానండి అన్నా ఆయే, చెప్పండి అన్నా ఆయే, మీరు పెద్దవారు అన్నా ఆయే. కాదని చెప్పాలన్నా మాకు ముందు ఆ మాటే వస్తుంది. "ఆయ్, లేదండి." "ఆయ్, నేను కాదండి." కాలేజీ రోజుల్లో నా స్నేహితుల ముందు అలా అంటున్నాడని సిగ్గుపడి మానెయ్యమని పోరు పెట్టాను. దానిక్కూడా ఆయ్ అనే అన్నాడు.

కోర్టులో మా వకీలు గారు ఇంకా రాలేదు. పక్క కోర్టులో ఉన్నాను, వచ్చేస్తున్నానని ఫోనులో చెప్పారు. ఈలోగా నాన్న పేరు పిలిచారు. మేజిస్ట్రేటు గారు తలెత్తకుండా, సగం ఇంగ్లీషులో, గబగబా చదివారు.

"పరిహారం కట్టలేదు. కండిషన్ వయొలేట్ చేశావు. ఒప్పుకుంటున్నావా?"

"ఆయ్" అన్నాడు నాన్న. చేతులు కట్టుకుని, తల వంచుకుని, అచ్చం నేను నేర్పినట్టే. "ఆయ్, అదేనండి, మరి..."

"ఒప్పుకున్నాడు. రాసుకో" అన్నారు. టైపు కొట్టారు. ఇంకో పేరు పిలిచారు.

నేను లేచి, సార్, రసీదులున్నాయి అన్నాను. బంట్రోతు కూర్చోమని వేలు చూపించాడు. నలభై మంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టేదాన్ని, ఆ వేలికి కూర్చున్నాను. వకీలు గారు వచ్చేసరికి నాన్న వరండాలో కానిస్టేబులు పక్కన నిలబడి ఉన్నాడు.

"అయిపోయిందా అమ్మా? ఇంక ఇంటికెళ్లిపోదామా?" అని నన్నడిగాడు.

రసీదులు దాఖలు చేసి, మా జిల్లా ఆఫీసునుంచి ధ్రువపత్రం తెప్పించి, ఆయన్ని జైలునుంచి బయటికి తెచ్చేసరికి ఇరవై మూడు రోజులు పట్టింది. మీ నాన్నే ఒప్పుకున్నాడు కదమ్మా అన్నాడు అక్కడి గుమాస్తా. ఆయ్ అంటే ఏమిటో చెప్పబోయాను. అతను నవ్వాడు. ఆ నవ్వుకు నాకు అతన్ని తోసెయ్యాలనిపించింది. మా నాన్నకు ఆ రోజు గట్టు మీద ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది.

జైలు సంగతులు నాన్న చెప్పలేదు. ఒక్కటే అన్నాడు, అది కూడా అమ్మతో. "అక్కడ నన్ను పేరెట్టి పిలిచేవోరు కాదు. ఒరే ఆయ్, ఇటు రా అనేవోరు."

ప్రొబేషన్ ఇంకా ఏడు నెలలుంది. నాన్న మొదటి సోమవారాలు బస్సెక్కుతూనే ఉన్నాడు. ఆఫీసులో ఏమడిగినా మాట్లాడకుండా కాగితం ముందు పెడతాడట. ఇంట్లో అన్నం పెట్టమంటావా అంటే తల ఊపుతాడు. మానెయ్యమని ఒకప్పుడు నేను పోరు పెట్టిన ఆ మాట ఇప్పుడు మానేశాడు.

మధ్యాహ్నం స్కూలునుంచి ఇంటికి ఫోను చేస్తాను. ఇదివరకు నేను ఏం చెప్పినా మాట మాటకీ అవతల్నుంచి ఆయ్, ఆయ్ అని వినబడేది. ఒక్కోసారి విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఏమీ వినబడదు. నేను చెప్పింది చెప్పి ఆగుతాను. లైను కట్టయిందేమో అనిపిస్తుంది.

"నాన్నా, ఉన్నావా?" అంటాను.

"ఉన్నాను" అంటాడు.