చలికాలంలో ఎదకొచ్చిన చుక్క

మొన్న వేసవిలో ప్రొద్దుటూరులో బట్టలకొట్టు వాళ్ళింట పెండ్లికి పోయానా, ఊరేగింపులో పెండ్లికొడుకును ఎక్కించుకున్న తెల్లగుర్రం నడివీధిలో ఉన్నట్టుండి మొండికేసింది. తోక పక్కకెత్తి, వెనక కాళ్ళు ఎడంగా పెట్టి, అదే పనిగా సకిలిస్తూ నిలబడిపోయింది. దిష్టి తగిలిందని ఒకరు, బ్యాండుకు బెదిరిందని ఒకరు అంటుంటే, దాన్ని పట్టుకున్న మనిషి పాపం కళ్ళెం లాగి లాగి అలసిపోయాడు. నేనొక్కదాన్నే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాను. అది ఆడగుర్రం, ఎద మీద ఉంది, అంతే. నిండు పెండ్లిలో డెబ్బై దాటిన ముసల్ది ఆ మాట ఎవరికి చెప్పుకుంటుంది! జట్కాబండ్ల కాలం చూసిన మీకైతే చెప్పొచ్చు.

మాది పులివెందుల పక్క, నన్నిచ్చింది జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డు పల్లెలో. పెండ్లిలో కూతురి వెంట పుట్టింటివాళ్ళు అరణంగా ఆవును పంపడం మనకు మామూలే గదా, మా నాయన మాత్రం నుదుట తెల్లచుక్క ఉన్న ఆడగుర్రాన్ని పంపాడు, మా మామకు గుర్రాలంటే ప్రాణమని ఎవరో చెప్పగా విని. మామ అప్పటికే ఒక మగగుర్రాన్నీ మూడు ఆడగుర్రాల్నీ సాకుతుండేవాడు. ప్రొద్దుటూరు జట్కాల వాళ్ళు సైతం తమ గుర్రాలకు జత కట్టించుకోవడానికి మా ఇంటికే తోలుకొచ్చేవారు. పెండ్లయిన ఏడాదికే నాయన పోయాడు. ఆ తర్వాత చుక్క మెడ మీద చెయ్యేస్తే నాయన చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది నాకు.

పేరుకు మామవే గానీ, గుర్రాల పెత్తనమంతా మా అత్తది. మగగుర్రం కొట్టానికీ ఆడగుర్రాల కొట్టానికీ నడుమ మనిషి రొమ్మెత్తున నిలువుగా పాతిన కడపబండల అడ్డుగోడ ఉండేది. ఎండాకాలంలో రోజూ పొద్దున్నే అత్త ఒక్కొక్కదాన్నే ఆ బండల దాకా నడిపించి, అవతలి నుంచి మగగుర్రం మూతి తగలనిచ్చేది. ఎదకు రానిది చెవులు వెనక్కి విరిచి, కీచుమని అరిచి, బండల మీద ఫెడీమని తన్నేది. వచ్చినదైతే కదలక మెదలక బండలకు ఒరిగి తోక తొలగించేది. మూడు వారాలకొకసారి ఓ నాలుగైదు రోజులే ఆ ముచ్చట, ఆ పైన మళ్ళీ అదే మగగుర్రం దానికి పగవాడు. నిన్న ఒరిగిన చోటే ఇవాళ తన్నడం చూసి నేను నోరు వెళ్ళబెట్టేదాన్ని. చలి మొదలైతే మాత్రం కొట్టమంతా సన్యాసుల మఠమే. "చలికాలంలో ఆడగుర్రం ఒట్టి బండరాయి అనుకోమ్మే, ఉగాది వచ్చేదాకా మగదాని మొగం గూడా సూడదు" అనేది అత్త.

రెండేండ్లయినా చుక్క చూలు కట్టలేదు. ఇంతలో మామ ట్రాక్టరు కొన్నాడు, గుర్రాల మీది మోజు తగ్గింది. శివరాత్రి కాగానే మగగుర్రాన్ని పులివెందుల స్నేహితుడికి ఇచ్చేస్తానని మాటిచ్చి, చుక్క గొడ్డుదని కూడా తేల్చేశాడు. అంతలోపల చూలు కడితే ఉంచుకుందాం, లేకుంటే దాన్నీ మగదాని వెంటే తోలేస్తానన్నాడు. అది దీపావళి వెళ్ళిన వారం. ఉగాదికి గానీ మేలుకోని ప్రాణి శివరాత్రికి చూలెట్లా కడుతుంది? చుక్క మెడ పట్టుకుని బావురుమన్నాను, చెప్పడానికి సిగ్గెందుకు.

ఆ రోజుల్లోనే మా ఇంటికి కరెంటు వచ్చింది. బండల సందుల్లో తేళ్ళు ఎక్కువ, పాకే మా చంటిదాని పక్కకే ఒకటి వచ్చిందని మా ఆయన హడలిపోయి కొట్టం కొసన, మా గడపకు ఎదురుగా పెద్ద బల్బు వేలాడదీశాడు. అది తెల్లారేదాకా వెలిగేది. చుక్క నిలబడేది ఆ కొసనే, ఎందుకంటే తక్కిన గుర్రాలు దాన్ని లోపలికి రానిచ్చేవి కావు.

మాఘం వచ్చిన వారానికి ఒక పొద్దున మగగుర్రం దాణా ముట్టకుండా పైపెదవి మడిచి బండల మీదుగా మెడ చాస్తోంది. "ఏందిరా నీకు రోగం, ఈ చలిలో!" అని అత్త తిట్టింది. మిగతా మూడూ జొన్నచొప్ప నములుతూ ఇటు తలైనా తిప్పలేదు. చుక్క మాత్రం తనంతట తానే నడిచివచ్చి బండలకు ఒరిగి నిలబడింది. అత్త చేతిలో గంప జారిపోయింది. "అమ్మీ, ఇట్లాంటిది నా జన్మలో సూడలేదే" అంది. నేను మామను పిలవడానికి పరుగెత్తాను. మామ వచ్చి చూసి, గుడి ముందు విడిచినట్టు చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆ రోజే జత కట్టించారు.

జత కడితే సరిపోతుందా, నిలవద్దూ? ఆ సంగతి తేలేది మూడు వారాల తర్వాత, మళ్ళీ మగగుర్రం ముందు నిలబెట్టినప్పుడే. ఒరిగిందంటే చూలు నిలవనట్టు, తన్నిందంటే నిలిచినట్టు. శివరాత్రి మరునాడు పులివెందుల మనుషులు పలుపుతాళ్ళతో వాకిట్లో కాచుకుని ఉండగా అత్త చుక్కను బండల దగ్గరికి నడిపించింది. అన్నాళ్ళూ తన్నొద్దే తల్లీ అని మొక్కినదాన్ని, తన్నవే తన్నవే అని మొక్కుకున్నాను. మగగుర్రం మూతి తగిలిందో లేదో, చుక్క చెవులు విరిచి, బండ పగిలిందేమో అన్నంత గట్టిగా తన్నింది. "దాన్ని ఉండనీండప్పా, అది ఈ ఇంటిది" అని మామ వచ్చినవాళ్ళతో అన్నాడు. అత్తా నేనూ ఒకరినొకరం పట్టుకుని ఏడ్చేశాం.

మరుసటి పుష్యంలో పిల్ల పుట్టింది. అదంతా దేవుడి మహిమ, పోయిన మా నాయన చేయించిన మేలు అని అత్త బతికినన్నాళ్ళూ చెప్పుకుంది, ఆ బండకు పసుపు పూసింది. ఎన్నో ఏండ్లకు, బర్రెకు సూది వెయ్యడానికి వచ్చిన పశువుల డాక్టరు మాటల్లో అన్నాడు, ఆడగుర్రానికి కాలం తెలిసేది చలిని బట్టి కాదమ్మా, కంట్లో పడే వెలుతురును బట్టి అని. రాత్రిపూట దీపం పెడితే పొద్దు పెరిగిందనుకుని ముందే ఎదకొస్తుందని. బియ్యం చెరుగుతున్న చేట అట్లాగే చేతుల్లో ఉండిపోయింది. తేళ్ళ భయానికి కట్టిన బల్బు! కంట్లో పడిన వెలుతురు ఎక్కడో కడుపులో ఉన్న తలుపు తీయించిందంటే, దాన్ని దేవుడి మహిమ అన్న అత్త మాటలో తప్పేముంది? చెబుదామంటే అప్పటికి ఆమె లేదు.

కొట్టం ఉన్నచోట ఇప్పుడు మా మనవళ్ళు కార్లు నిలుపుకునే షెడ్డు ఉంది. పల్లెలోనూ తెల్లవార్లూ వీధిదీపాలే, పట్టపగలే అనుకోండి. అంత వెలుతురు పోస్తున్నా, పొద్దు పెరిగిందని నమ్మి మేలుకునే గుర్రం మా ఊళ్ళో ఒక్కటీ లేదు.